తెర మీది తరగతిలో దిద్దేదెవరు?

తెలుగు ఇళ్ళలో చదువు ఒక చిన్న పనితో మొదలవుతుంది. పెద్దవాళ్ళు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే పిల్లలు బలపంతో మళ్ళీ మళ్ళీ రాస్తారు. దీన్ని దిద్దడం అంటాం. తప్పును సరిచేయడాన్నీ దిద్దడమే అంటాం, ఉపాధ్యాయులు పరీక్ష పేపర్లు చూసి మార్కులు వేయడాన్నీ దిద్దడమే అంటాం. నేర్చుకునేవారి చేయి ఎటు పోతోందో నేర్పేవారి కన్ను గమనిస్తూ ఉండడమే ఈ మూడు పనులనూ కలిపే సూత్రం. వర్చువల్ అభ్యసన వేదికలు చదువును ఎలా మార్చాయన్న చర్చ గత కొన్నేళ్ళుగా చాలా జరిగింది గానీ, అందులో ఎక్కువ భాగం పాఠం పిల్లలకు చేరిందా లేదా అన్న చోటే ఆగిపోయింది. చేరిన పాఠాన్ని వాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో చూసి దిద్దినవారెవరు అని కూడా అడిగితే, ఈ వేదికలు ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ చేయలేదో, ఎందుకు చేయలేదో చాలావరకు తేటపడుతుందని నా నమ్మకం.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. ‘ఆన్‌లైన్ చదువు’ అనే ఒక్క పేరు కింద మనం కనీసం నాలుగు వేర్వేరు వస్తువులను కలిపి మాట్లాడుతున్నాం. మొదటిది ప్రసారం. టీవీలోనో యూట్యూబులోనో పాఠం వస్తుంది, పిల్లలు చూస్తారు, వాళ్ళ నుంచి తిరిగి వెళ్ళేది ఏమీ ఉండదు. రెండవది ఆన్‌లైన్ తరగతి. జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకే సమయానికి కలుస్తారు. మూడవది మూడిల్, గూగుల్ క్లాస్‌రూమ్ వంటి నిర్వహణ వేదిక. నోట్సు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, మార్కులు, చర్చలు అన్నీ అక్కడ ఒకచోట ఉంటాయి, ఎవరికి వీలైన వేళ వాళ్ళు వచ్చి చూసుకుంటారు. నాలుగవది, విద్యార్థి ఇచ్చిన జవాబును బట్టి తరువాతి ప్రశ్నను మార్చుకునే సాఫ్ట్‌వేర్. ఒక రకం గురించి వచ్చిన ఫలితాన్ని మరొక రకానికి అంటగట్టడం వల్లనే, ఆన్‌లైన్ చదువు అద్భుతమని కొందరూ అనర్థమని కొందరూ ఒకే గట్టిదనంతో వాదించగలుగుతున్నారు.

ఈ నాలుగూ ఒకేసారి పుట్టినవి కావు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ 1960లోనే మొదలైంది. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి, ఉదయం కార్యక్రమాలు బడిపిల్లల కోసం. దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది, తరువాత అంబేద్కర్ పేరు పెట్టుకుంది. మూడిల్ 2002లో వచ్చింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌ను 2003లో ప్రారంభించాయి. విద్య కోసమే రూపొందిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదికలు దీక్ష, స్వయం రెండూ 2017లో మొదలయ్యాయి. అంటే 2020 మార్చిలో బడులు మూతపడే నాటికి దూరం నుంచి పాఠం చెప్పడంలో మనకు దాదాపు 45 ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవంలో పెద్ద భాగం మొదటి రకానిది, అంటే ప్రసారానిది. సార్వత్రిక విశ్వవిద్యాలయం మాత్రం తొలినుంచీ పుస్తకాలు పంపి ఊరుకోకుండా అధ్యయన కేంద్రాలు పెట్టి, అక్కడ అధ్యాపకులు విద్యార్థులను ముఖాముఖి కలిసే ఏర్పాటు చేసుకుంది. దూరవిద్యను కట్టినవాళ్ళకు దూరంతో వచ్చే లోటు తెలుసునని చెప్పడానికి ఆ కేంద్రాలే సాక్ష్యం.

మాధ్యమం మారితే నేర్చుకోవడం మారుతుందా అన్న ప్రశ్న మీద విద్యా పరిశోధకుల మధ్య ఒక పాత వివాదం ఉంది. అమెరికన్ పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లో ఒక పోలిక చెప్పాడు. కిరాణా సరుకు తెచ్చే లారీ మన పోషకాహారాన్ని ఎలా మార్చదో, పాఠాన్ని మోసుకొచ్చే మాధ్యమం కూడా అభ్యసనాన్ని అలాగే మార్చదని ఆయన వాదన. రేడియో, టీవీ, కంప్యూటర్ ద్వారా బాగా నేర్చుకున్నారని తేలిన చోటల్లా తరచి చూస్తే, ఆ పాఠాన్ని తయారుచేసిన పద్ధతి మెరుగ్గా ఉండడమే అందుకు కారణమని ఆయన అన్నాడు. దీనికి మరో పరిశోధకుడు రాబర్ట్ కోజ్మా సమాధానమిస్తూ, కొన్ని పద్ధతులు కొన్ని మాధ్యమాల్లోనే సాధ్యమవుతాయి కనుక రెంటినీ విడదీయలేమన్నాడు. నాకు క్లార్క్ పోలిక చాలావరకు సరైనదనిపిస్తుంది, కానీ ఆయన లారీ ఒకవైపు ప్రయాణం మాత్రమే చేస్తుంది. చదువు విషయంలో తిరుగు ప్రయాణంలో లారీ ఏం తెస్తుందన్నది కూడా అంతే ముఖ్యం. పిల్లల తప్పు, సందేహం, అయోమయం, విసుగు ఉపాధ్యాయుల దాకా తిరిగి రావాలి. ఏ మాధ్యమం ఆ తిరుగు సరుకును ఎంత మోయగలదన్న దగ్గర వేదికల మధ్య అసలు తేడాలు బయటపడతాయి.

2020లో జరిగింది

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు డిజిటల్ పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ఛానళ్ళలో ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది జూన్‌లో సప్తగిరి ఛానల్ ద్వారా విద్యావారధి పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు ఎక్కువగా రెండవ రకాన్ని, అంటే జూమ్ తరగతులను ఎంచుకున్నాయి. ఇంత తక్కువ వ్యవధిలో ఇన్ని తరగతులకు పాఠాలు చిత్రీకరించి ప్రసారం చేయడం చిన్న పని కాదు. ఆ పని చేసిన ఉపాధ్యాయుల శ్రమను తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. టీవీ ఉన్న ఇంటికల్లా పాఠం చేరింది. టీవీ పాఠానికి డేటా ఖర్చు లేదు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన పనిలేదు.

ఫోన్ మీద ఆధారపడిన చదువుకు ఆ సౌలభ్యం లేదు. గ్రామీణ భారతంలో పిల్లల చదువు స్థితిని ఇంటింటికీ తిరిగి పరిశీలించే అసర్ నివేదికల ప్రకారం, స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళ పిల్లలు 2018లో 36.5 శాతం ఉంటే 2021 నాటికి 67.6 శాతం అయ్యారు. మూడేళ్ళలో దాదాపు రెట్టింపు. పేద కుటుంబాలు పిల్లల చదువు కోసం అప్పు చేసి మరీ ఫోన్లు కొన్నాయని మనందరికీ తెలుసు. అయితే అదే 2021 నివేదిక మరొక అంకె కూడా చెప్పింది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల్లో 26.1 శాతం మందికి ఆ ఫోను చదువుకోవడానికి అందుబాటులో లేదు. ఫోను తండ్రితో పాటు పనికి వెళ్తుంది, ఉన్నప్పుడు అన్న పరీక్షకో అక్క ఇంటర్ తరగతికో ముందు పోతుంది, చిన్నపిల్లల వంతు చివరికి వస్తుంది. ఒక ఇంట్లో ఒక ఫోను ఉందంటే ఒక విద్యార్థికి తరగతి ఉందని లెక్క వేసుకోవడం ఎంత పొరపాటో ఈ అంకె చెబుతుంది.

బడులు తెరిచాక పిల్లల చదువు ఎలా ఉంది? అసర్ 2022 నివేదిక ప్రకారం, రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడవ తరగతి పిల్లలు దేశవ్యాప్తంగా 2018లో 27.3 శాతం ఉండగా 2022లో 20.5 శాతానికి తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయారు. ఈ అంకెలను చూపి ఆన్‌లైన్ పాఠాలు విఫలమయ్యాయని చాలామంది తీర్పు చెప్పారు. ఇక్కడ కాస్త నిదానించి చూడాలి. 2022-23లో మూడవ తరగతిలో ఉన్న పిల్లలు 2020-21లో ఒకటవ తరగతిలో ఉన్నవాళ్ళు. తెలంగాణలో టీవీ పాఠాలు మూడవ తరగతి నుంచి మాత్రమే మొదలయ్యాయి. అంటే ఆ ఏడాది ఈ పిల్లలకు ప్రసారమైన పాఠమే లేదు. కాబట్టి ఈ 5.2 శాతం తెర మీది పాఠం విలువను కొలిచిన అంకెగా చదవకూడదు. అక్షరాలు దిద్దవలసిన వయసులో, పక్కన కూర్చుని చేయి పట్టుకునే ఉపాధ్యాయులు లేకపోతే ఏమవుతుందో చెప్పే అంకె అది. ఒకటవ తరగతికి టీవీ పాఠం పెట్టకపోవడం తప్పని కూడా నేను అనలేను. ఆరేళ్ళ పిల్లలకు తెర మీద ‘క’ గుణింతం చూపించవచ్చు గానీ, వాళ్ళు తలకట్టును ఎక్కడ పెట్టారో, ‘క’కూ ‘ఖ’కూ తేడా పలుకుతున్నారో లేదో తెర చూడలేదు, వినలేదు. జాతీయ సగటు 2024 నివేదిక నాటికి 27.1 శాతానికి, అంటే మునుపటి స్థాయికి దాదాపు తిరిగి వచ్చింది. పిల్లలు బడికి తిరిగి వచ్చి, చదవడం, లెక్కలు అనే పునాది మీద దృష్టి పెట్టిన ఏళ్ళు అవి.

కనిపించని తప్పు

మంచి ఉపాధ్యాయులు తరగతిలో పాఠం చెబుతూనే ఇంకో పని నిరంతరం చేస్తుంటారు. మూడవ బెంచీలో ఇద్దరు పక్కవాళ్ళ నోట్సులోకి చూస్తున్నారంటే తాను చెప్పింది అర్థం కాలేదని గ్రహిస్తారు, కిటికీ పక్క అమ్మాయి పెన్ను ఆగిందంటే ఉదాహరణ మారుస్తారు, అందరూ ఒకేసారి ‘అర్థమైంది సార్’ అని కోరస్‌గా అంటే అనుమానించి ఒకరిని బోర్డు దగ్గరికి పిలుస్తారు. ఈ పని ఏ పాఠ్యప్రణాళికలోనూ రాసి ఉండదు, అందుకే చదువును తెర మీదికి తరలించినప్పుడు దీన్ని తరలించాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా రాలేదు. ఆన్‌లైన్ తరగతిలో డేటా మిగుల్చుకోవడానికి కెమెరాలు ఆపుతారు, రొద లేకుండా ఉండడానికి మైకులు మ్యూట్ చేస్తారు. రెండూ సమంజసమే. కానీ ఆ రెండింటితో ఉపాధ్యాయుల కన్నూ చెవీ మూతపడతాయి. నల్లని చతురస్రాల్లోని పేర్లతో గంటసేపు మాట్లాడిన తరువాత ఎవరికి ఏమి అందిందో తెలియక, చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు చాలామందికి వచ్చింది. వీడియో సమావేశాల అలసట గురించి 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ నాలుగు కారణాలు వివరించాడు. ముఖాలు మరీ దగ్గరగా, ఎడతెగకుండా ఎదురుగా ఉండడం, సైగలను అర్థం చేసుకోవడానికి మెదడు ఎక్కువ శ్రమపడడం, తన ముఖం తనకే ఎప్పుడూ కనబడుతూ ఉండడం, కదలకుండా ఒకేచోట కూర్చోవలసి రావడం. మన తరగతుల్లో మొదటి కారణం తిరగబడింది. ఇక్కడ ఉపాధ్యాయులను అలసటకు గురిచేసింది ముఖాలు కనబడకపోవడమే.

తప్పు కనబడడం ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. 52లో నుంచి 27 తీసేయమంటే ఒక పాప 35 అని రాసింది. సరైన జవాబు 25. మార్కులు వేసే యంత్రానికి ఇది కేవలం తప్పు. ఉపాధ్యాయురాలు పక్కన నిలబడి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కనుక ఆ పాప ఏడులోంచి రెండు తీసి అయిదు వేసింది, పదుల స్థానంలో అయిదులోంచి రెండు తీసి మూడు వేసింది. అంటే ఆమెకు తీసివేత వచ్చు, ‘పెద్ద అంకెలోంచే చిన్న అంకె పోతుంది’ అన్న నియమం ఆమె సొంతంగా కల్పించుకుంది, పదిని అప్పు తెచ్చుకోవడం మాత్రం ఇంకా అర్థం కాలేదు. ఈ మూడు సంగతులూ తెలిసిన టీచరు పది పుల్లల కట్ట విప్పి చూపించి పది నిమిషాల్లో దిద్దగలదు. తెలియకపోతే తీసివేత పాఠం వీడియోను మళ్ళీ చూడమనడం తప్ప మార్గం లేదు. ఆ వీడియోలో ఆ పాపకు ఇదివరకే వచ్చిన సంగతులే నూటికి తొంభై ఉంటాయి.

వాట్సాప్‌లో నోటుపుస్తకాల ఫొటోలు తెప్పించుకుని దిద్దిన ఉపాధ్యాయులు ఈ లోటును తీర్చడానికి చాలా కష్టపడ్డారు. నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరివి మూడు పేజీలు, సగం మసకగా, కొన్ని తలకిందులుగా వచ్చిన ఫొటోలను రాత్రి పదింటికి చిన్న తెర మీద పెద్దవి చేసుకుంటూ చూడడం ఎంత పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అయినా ఫొటోలో జవాబు కనబడుతుంది గానీ జవాబు దగ్గరికి చేయి వెళ్ళిన దారి కనబడదు. అది ఆ పిల్లల చేయేనా అన్నదీ తెలియదు.

తెలుగుకు సంబంధించి ఇంకొక చిక్కు ఉంది, దీని గురించి తగినంత చర్చ జరగలేదని నాకు అనిపిస్తుంది. ఫోను కీబోర్డు మీద ఒత్తులు, గుణింతాలు టైపు చేయడం చిన్నపిల్లలకు కష్టం. అందువల్ల తెర మీది తెలుగు అభ్యాసాలు చాలావరకు నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకునే రూపంలోకి కుదించుకుపోతాయి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటను నాలుగింటిలోంచి గుర్తుపట్టడానికీ, ఖాళీ కాగితం మీద సొంతంగా రాయడానికీ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. సొంత వాక్యం రాసే అవకాశం తగ్గితే, దిద్దవలసిన తప్పులు పుట్టడమే తగ్గిపోతుంది. మార్కులు మాత్రం మెరుగ్గానే కనిపిస్తాయి.

యంత్రం దిద్దగలదా?

కొంతవరకు దిద్దగలదు, ఎంతవరకన్నది ప్రశ్నను తయారుచేసినవారి మీద ఆధారపడి ఉంటుంది. పై లెక్కకు ఇచ్చే నాలుగు జవాబుల్లో 35ను కావాలనే ఒకటిగా పెట్టి, దాన్ని ఎంచుకున్న పిల్లలకు అప్పు తెచ్చుకునే మెట్టుకు సంబంధించిన ప్రశ్నలే తరువాత వచ్చేలా కడితే, సాఫ్ట్‌వేర్ ఆ టీచరు చేసిన పనిలో కొంత చేయగలదు. దీనికి పిల్లలు ఏయే తప్పులు ఎందుకు చేస్తారో తెలిసిన మనుషులు వెనక ఉండాలి.

ఈ పద్ధతికి మన దేశంలోనే ఒక గట్టి పరీక్ష జరిగింది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాలను కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే పరిశోధకులు పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. చేరే అవకాశాన్ని లాటరీ ద్వారా ఇచ్చారు కనుక, అవకాశం వచ్చిన పిల్లలను రానివాళ్ళతో నిజాయితీగా పోల్చడం సాధ్యమైంది. నాలుగున్నర నెలల్లో అవకాశం వచ్చిన పిల్లలు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం) మేర ముందుకు వెళ్ళారు. విద్యా పరిశోధనల్లో ఇంత తక్కువ కాలంలో ఇంత తేడా అరుదు. ఆ అధ్యయనంలో బయటపడిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆరవ తరగతి పిల్లలు సగటున గణితంలో తమ తరగతి స్థాయికి సుమారు రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఆ స్థితిలో ఆరవ తరగతి పాఠాన్ని ఎంత చక్కటి యానిమేషన్‌తో చూపించినా, అది చేరవలసిన మెట్టు మీద పిల్లవాడు లేడు. సాఫ్ట్‌వేర్ చేసిన గొప్ప పని ప్రతి ఒక్కరినీ వాళ్ళున్న మెట్టు నుంచే మొదలుపెట్టించడం. దీనితో పాటు, ఆ కేంద్రాల్లో తొంభై నిమిషాల్లో సగం సాఫ్ట్‌వేర్‌తోనూ మిగతా సగం ఒక బోధకుడితో చిన్న బృందంగానూ సాగాయన్నది మరిచిపోకూడదు. పిల్లలు అక్కడికి వచ్చి కూర్చునేవాళ్ళు, వాళ్ళు రాకపోతే గమనించే మనిషి అక్కడ ఉన్నాడు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ పెరూ దేశానిది. అక్కడ గ్రామీణ ప్రాథమిక బడుల్లో ప్రతి పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చే పథకాన్ని 319 బడుల్లో పరిశీలించినప్పుడు, కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది గానీ గణితంలోనూ భాషలోనూ మార్కులు పెరిగిన ఆధారం దొరకలేదు. పరికరం ఇవ్వడం ఒక పని, ఆ పరికరాన్ని తరగతి బోధనలో కలపడం వేరొక పని. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంపిణీ అయినప్పుడు ప్రజల్లో చర్చ ఎక్కువగా ధర మీద, పిల్లలు దుర్వినియోగం చేస్తారా అన్నదాని మీద నడిచింది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. ట్యాబులో పిల్లలు చేసిన తప్పు మరునాడు తరగతి ఉపాధ్యాయులకు ఏ రూపంలో కనిపిస్తుంది, దాన్ని చూసి దిద్దడానికి వాళ్ళకు సమయం ఎక్కడ దొరుకుతుంది అన్నవి కూడా అడగవలసినవే. అవి దాదాపు ఎవరూ అడగలేదు.

నేర్చుకునేవారి వైపు నుంచి

తెర వల్ల విద్యార్థికి కలిగే మేలు తక్కువేమీ కాదు. తరగతిలో చేయెత్తి ‘మళ్ళీ చెప్పండి మేడం’ అనడానికి సిగ్గుపడే అమ్మాయి వీడియోను అయిదుసార్లు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, ఎవరూ నవ్వరు. వినికిడి లోపం ఉన్న విద్యార్థికి తెర మీది అక్షరాలు తరగతి ఎన్నడూ ఇవ్వని అవకాశం ఇస్తాయి. పగలు దుకాణంలో పనిచేసి రాత్రి డిగ్రీ చదువుకునేవారికి తరగతి వాళ్ళకు వీలైన వేళకే వస్తుంది. మారుమూల ఇంజనీరింగ్ కాలేజీలో చదివే విద్యార్థి ఐఐటీ ఆచార్యుల పాఠాన్ని ఖర్చు లేకుండా వినగలుగుతున్నాడంటే, ఒక తరం కిందట ఊహకు అందని సంగతి అది.

వీటిలో ఒక ప్రమాదం దాగి ఉంది. చక్కగా చెప్పిన వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది, ఆ అనుభూతిని మనం చదువు వచ్చేసిందని పొరపాటు పడతాం. రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివినదాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందుకు వచ్చారు. మన పెద్దలు ఎక్కాలు అప్పజెప్పించుకోవడంలో చేయించింది ఈ పనే. అప్పజెప్పడంలో అర్థం లేని బట్టీ చాలా ఉండేదని ఒప్పుకుంటూనే, జ్ఞాపకంలోంచి బయటికి తీయించే ఆ అలవాటును వీడియో పాఠం పూర్తిగా వదిలేయడం నష్టమేనని నేను అంటాను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత నిడివిదైనా విద్యార్థులు మధ్యస్థంగా చూసింది ఆరు నిమిషాలకు మించలేదు. దీన్ని చూసి చాలామంది పాఠాలను ఆరు నిమిషాల ముక్కలు చేశారు. ముక్కకూ ముక్కకూ మధ్య విద్యార్థి చేత ఏమైనా రాయించినవాళ్ళు తక్కువ.

తనంతట తాను చదువుకోగల క్రమశిక్షణ ముందే ఉన్నవారికి ఈ వేదికలు రెక్కలిస్తాయి, లేనివారి చేతిలో అవి తెరిచి మూసేసిన కిటికీలవుతాయి. హార్వర్డ్, ఎంఐటీ ఉచిత కోర్సుల మీద 2019లో వెలువడిన విశ్లేషణలో, 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవాళ్ళు 3.13 శాతం. ధ్రువపత్రం కోసం డబ్బు కట్టినవాళ్ళలో ఆ సంఖ్య 46 శాతం. డబ్బు కట్టడం వల్లే చదివారనలేం, గట్టి పట్టుదల ఉన్నవాళ్ళే డబ్బు కట్టి ఉండవచ్చు. అయినా ఉచితంగా తలుపు తెరిచినంత మాత్రాన లోపలికి వచ్చి కూర్చునేవాళ్ళు ఎంత తక్కువో ఆ మొదటి అంకె చెబుతోంది.

ఈ సంగతి గుర్తించి రూపొందించినందువల్లే ఎన్‌పీటీఈఎల్ ధ్రువపత్ర కోర్సులు మన రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఇంతగా వేళ్ళూనుకున్నాయని నా అంచనా. చేరడానికి రుసుము లేదు. ప్రతి వారం పాఠం, ప్రతి వారం గడువుతో అసైన్‌మెంట్. పన్నెండు వారాల కోర్సులో మెరుగైన ఎనిమిది అసైన్‌మెంట్లకు 25 శాతం మార్కులు, పరీక్షా కేంద్రంలో పర్యవేక్షణ మధ్య రాసే పరీక్షకు 75 శాతం. ఎనిమిది మాత్రమే లెక్కలోకి తీసుకోవడం వల్ల ఒక వారం జ్వరమొచ్చినా విద్యార్థి కోర్సు వదిలేయడు. అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబులో దొరుకుతాయని అందరికీ తెలుసు, పరీక్షకు 75 శాతం పెట్టడం వల్ల ఆ నష్టం చాలావరకు అదుపులో ఉంటుంది. దూరవిద్యా పరిశోధకుడు మైకేల్ జి. మూర్ చదువులో దూరాన్ని మైళ్ళలో కొలవకూడదని, కోర్సు నిర్మాణం ఎంత బిగువుగా ఉంది, అధ్యాపకుడికీ విద్యార్థికీ మధ్య సంభాషణ ఎంత ఉంది అన్నవాటిని బట్టి కొలవాలని చెప్పాడు. ఆ కొలత ప్రకారం ఎన్‌పీటీఈఎల్‌లో నిర్మాణం గట్టిది, సంభాషణ పలచనిది. వేలమంది చేరిన కోర్సులో చర్చా వేదిక మీద అడిగిన ప్రశ్నకు సహాయకులు జవాబిస్తారు గానీ, అడగడమే రాని విద్యార్థిని వెతికి పట్టుకునేవారు ఉండరు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదువుకోవచ్చు. ఆ అవకాశాన్ని అధ్యాపకుల ఖాళీలను నింపకుండా గడిపేయడానికి వాడుకుంటే, ఆ పలచని సంభాషణ కూడా విద్యార్థికి మిగలదు. ఆ కోర్సు చేస్తున్న ముప్ఫై మందితో కాలేజీ అధ్యాపకురాలు వారానికొక గంట కూర్చుని, ఆ వారం అసైన్‌మెంటులో ఎక్కడ తడబడ్డారో అడిగితే, ఐఐటీ పాఠానికి ఆ కాలేజీలోనే దిద్దే మనిషి దొరికినట్టవుతుంది.

ఉపాధ్యాయుల పని గురించి ఒక మాట చెప్పాలి. వేదిక రాగానే లెక్కలు వస్తాయి. ఎంతమంది లాగిన్ అయ్యారు, ఎన్ని నిమిషాలు చూశారు, ఎన్ని వీడియోలు పూర్తయ్యాయి. ఇవి సులువుగా దొరికే అంకెలు కనుక పై అధికారులు అడిగేవీ ఇవే. వీటిని నింపడానికి, పిల్లలను లాగిన్ చేయించడానికి, యాప్‌లో ఫొటోలు పెట్టడానికి పట్టే సమయం నోటుపుస్తకాలు దిద్దే సమయంలోంచే పోతుంది. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయడంలో ఎంతమంది 35 రాశారో చూపించే పట్టిక ఒక్కటి టీచరు చేతికి ఇస్తే, లాగిన్ నిమిషాల నివేదికలు పది కలిసి చేయలేని పని అది చేస్తుంది. అలాంటి పట్టిక తయారుచేయడం సాంకేతికంగా కష్టం కాదు. వేదికను కట్టించేటప్పుడు టీచర్లను కూర్చోబెట్టి, మీరు ఏం చూడాలనుకుంటున్నారని అడిగితే చాలు.

2022లో ఆ 5.2 శాతం లెక్కలోకి వచ్చిన తరగతి పిల్లలు, ఏటా పై తరగతికి వెళ్ళినవాళ్ళు, 2025-26లో ఆరవ తరగతికి చేరారు. బడిలో డిజిటల్ బోర్డు ఉంటే వాళ్ళ ముందు ఇప్పుడు మంచి పాఠాలే ఆడుతుంటాయి. భిన్నాల వీడియో నడుస్తుండగా ఉపాధ్యాయురాలు రెండవ నిమిషం దగ్గర దాన్ని ఆపి, తరువాతి మెట్టును పిల్లలనే నోటుపుస్తకంలో రాయమని, బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి భుజం మీదుగా తొంగి చూసే ఆ నాలుగు నిమిషాల కోసం పాఠ్యప్రణాళికలో, టైంటేబుల్లో చోటు ఉండాలి. ఎవరి అక్షరం ఇంకా కుదురుకోలేదో, ఎవరు ఇంకా ఏడులోంచే రెండు తీస్తున్నారో ఆ నాలుగు నిమిషాల్లో ఆమెకు కనిపిస్తుంది.